యుద్ధంలో అణు విద్యుత్ కేంద్రం: బాంబు పడటమే ప్రమాదమా? కరెంటు పోతే ఏమవుతుంది?

యుద్ధం జరుగుతున్న దేశంలో అణు విద్యుత్ కేంద్రం ఉందని వార్త చదివితే, మీకు ముందుగా తట్టే అనుమానం ఒకటే. దాని మీద బాంబు పడితే పరిస్థితి ఏంటి? అడగాల్సిన ప్రశ్నే ఇది. కానీ అణు భద్రత నిపుణులు ముందుగా అడిగేది వేరే ఉంటుంది. ఆ కేంద్రానికి బయటి నుంచి కరెంటు అందుతోందా, లేదా?

కరెంటు తయారు చేసే కేంద్రానికి మళ్లీ కరెంటు ఎందుకన్నది మీ సందేహం కావచ్చు. యుద్ధ సమయంలో అణు కేంద్రాలకు ఉండే ముప్పులో సగం ఈ ప్రశ్నలోనే ఉంది. 2022 నుంచి యుక్రెయిన్‌లోని జపోరిజియా కేంద్రంలో జరుగుతున్నది చూస్తే మిగతా సగం తెలుస్తుంది. గల్ఫ్‌లో మీ వాళ్లు ఉన్నా, భారత్-పాకిస్తాన్ ఉద్రిక్తతల సమయంలో మీ ఫోన్‌కు 'రేడియేషన్ లీక్' అని ఫార్వర్డ్‌లు వచ్చినా, ఇది మీకు సంబంధం లేని విషయం కాదు.

రియాక్టర్ ఆపేస్తే సరిపోదా?

సరిపోదు. పొయ్యి ఆర్పేశాక కూడా అట్లపెనం కాసేపు కాలుతూనే ఉంటుంది. కానీ పెనంలో కొత్తగా వేడి పుట్టదు కాబట్టి అది తనంతట తానే చల్లారిపోతుంది. అణు ఇంధనం అలా కాదు. కంట్రోల్ రాడ్లను దించి అణు విచ్ఛిత్తిని ఆపేసిన తర్వాత కూడా, అప్పటికే ఇంధన కడ్డీల్లో పేరుకున్న రేడియోధార్మిక పదార్థాలు క్షీణిస్తూ కొత్తగా వేడిని పుట్టిస్తూనే ఉంటాయి.

రియాక్టర్‌ను ఆపిన క్షణంలో ఈ వేడి, పూర్తి సామర్థ్యంతో నడిచినప్పటి వేడిలో 6 నుంచి 7 శాతం ఉంటుంది. గంట తర్వాత ఒకటిన్నర శాతం దాకా, ఒక రోజు తర్వాత సుమారు అర శాతానికి తగ్గుతుంది. వినడానికి ఇది తక్కువే అనిపిస్తుంది. కానీ 1,000 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టర్ లోపల పుట్టే వేడి దాదాపు 3,000 మెగావాట్లు. అందులో అర శాతమన్నా 15 మెగావాట్లు అవుతుంది. ఆ వేడిని తీసేయాలంటే నీళ్లు తిరుగుతూనే ఉండాలి. నీళ్లు తిరగాలంటే పంపులు నడవాలి, పంపులకు కరెంటు కావాలి.

నీళ్లు ఆగిపోతే లోపలున్న నీరు మరిగి ఆవిరైపోతుంది. ఇంధన కడ్డీలు బయటపడి, వేడెక్కి కరగడం మొదలవుతుంది. మెల్ట్‌డౌన్ అంటే ఇదే. రియాక్టర్‌లో వాడేసిన ఇంధనాన్ని కొన్నేళ్ల పాటు నీటి తొట్లలో ఉంచుతారు. ఆ తొట్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఫుకుషిమా నేర్పిన పాఠం

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో జరిగిందిదే. భూకంపం రాగానే రియాక్టర్లు అనుకున్నట్టే ఆగిపోయాయి. బయటి కరెంటు లైన్లు తెగిపోయాయి, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. అక్కడి దాకా అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. గంట తిరగకుండానే వచ్చిన సునామీ జనరేటర్లను ముంచేసింది. చల్లబరిచే దారి లేక మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది.

అక్కడ బాంబూ లేదు, క్షిపణీ లేదు. కరెంటు పోయింది, బదులుగా ఉండాల్సిన కరెంటు కూడా పోయింది. భూకంపం, సునామీ కలిసి చేసిన ఆ పనిని యుద్ధం మరింత తేలిగ్గా చేయగలదు. రియాక్టర్ మీద ఒక్క గుండు కూడా పడనక్కర్లేదు. ఎక్కడో వంద కిలోమీటర్ల దూరంలో సబ్‌స్టేషన్ ధ్వంసమైనా, పొలాల్లో హైటెన్షన్ టవర్ కూలినా చాలు.

జపోరిజియాలో ఏం జరిగింది?

జపోరిజియా యూరప్‌లోనే అతి పెద్ద అణు విద్యుత్ కేంద్రం. దక్షిణ యుక్రెయిన్‌లో నీపర్ నది ఒడ్డున, ఎనర్హోదర్ అనే పట్టణం పక్కన ఉంది. 1,000 మెగావాట్ల తరగతి రియాక్టర్లు ఆరు ఉన్నాయి. యుద్ధానికి ముందు యుక్రెయిన్ వాడే కరెంటులో దాదాపు ఐదో వంతు ఇక్కడి నుంచే వచ్చేది.

2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది. మార్చి 4న కాల్పుల మధ్య రష్యా సేనలు ఈ కేంద్రాన్ని స్వాధీనం చేసుకున్నాయి. ఆ పోరులో ఆవరణలోని శిక్షణ భవనానికి నిప్పంటుకుంది. రియాక్టర్లకు నష్టం జరగలేదు, రేడియేషన్ పెరగలేదు. అయినా, నడుస్తున్న ఇంత పెద్ద అణు కేంద్రం మీదికి సైన్యం ఆయుధాలతో రావడం ప్రపంచం అంతకుముందు చూడనిది.

అప్పటి నుంచి అక్కడ జరిగినవాటిలో ముఖ్యమైనవి ఇవి.

2022 ఆగస్టు 25న ఈ కేంద్రానికి గ్రిడ్‌తో సంబంధం పూర్తిగా తెగిపోయింది. దాని చరిత్రలోనే అది మొదటిసారి.

2022 సెప్టెంబర్ 1న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ డైరెక్టర్ జనరల్ రఫేల్ గ్రోసీ యుద్ధ రేఖను దాటుకుని అక్కడికి చేరుకున్నారు. అప్పటి నుంచి ఆ సంస్థ నిపుణులు వంతుల వారీగా అక్కడే ఉంటున్నారు.

2022 సెప్టెంబర్ 11న చివరి రియాక్టర్‌ను కూడా ఆపేశారు. అంటే ఈ కేంద్రం కరెంటు తయారు చేయడం మానేసింది. కానీ ఇంధనాన్ని చల్లబరచడానికి కరెంటు వాడుకుంటూనే ఉంది.

2023 జూన్ 6న దిగువనున్న కఖోవ్కా డ్యాం ధ్వంసమైంది. కేంద్రానికి నీరిచ్చే జలాశయం రోజుల్లోనే ఖాళీ అయింది.

2024 ఏప్రిల్ 7న 6వ యూనిట్ రియాక్టర్ గుమ్మటం మీద డ్రోన్ దాడి జరిగింది. అదే ఏడాది ఆగస్టు 11న ఒక కూలింగ్ టవర్‌లో పెద్ద మంట లేచింది.

2025 సెప్టెంబర్ 23న బయటి కరెంటు పదోసారి పూర్తిగా పోయింది. అంతకుముందు ఇలా జరిగినప్పుడు కొన్ని గంటల్లోనో, రోజుల్లోనో వచ్చేసేది. ఈసారి మాత్రం నెల రోజుల పాటు డీజిల్ జనరేటర్లే దిక్కయ్యాయి. లైన్లు బాగు చేయడానికి ఆ కొద్దిపాటి ప్రాంతంలో మాత్రమే ఇరుపక్షాలూ కాల్పులు ఆపేలా అణుశక్తి సంస్థ మధ్యవర్తిత్వం చేస్తే గానీ అక్టోబర్ 23న కరెంటు తిరిగి రాలేదు.

ఈ దాడుల్లో చాలావాటికి రష్యా, యుక్రెయిన్ ఒకదాన్నొకటి నిందించుకుంటున్నాయి. అక్కడి అణుశక్తి సంస్థ నిపుణులు తాము చూసిన నష్టాన్ని నమోదు చేస్తారు. ఎవరు చేశారన్నది తేల్చడం చాలాసార్లు వారి పని పరిధిలోకి రాదు.

డీజిల్ జనరేటర్లు ఉన్నాయిగా, ఇక భయమెందుకు?

మీ అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోతే జనరేటర్ ఆన్ అవుతుంది. లిఫ్టూ, మోటారూ నడుస్తాయి. కానీ ఆ జనరేటర్ మీదే నెల రోజులు కాపురం చేయమంటే మీరు ఒప్పుకోరు. డీజిల్ ఎవరు తెస్తారు, జనరేటర్ చెడిపోతే ఎవరు బాగు చేస్తారు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి అన్న ప్రశ్నలు వస్తాయి.

జపోరిజియాలో 20 అత్యవసర డీజిల్ జనరేటర్లు ఉన్నాయి. కనీసం పది రోజులకు సరిపడా డీజిల్ నిల్వ ఉంచుకుంటారు. ఆ తర్వాత కూడా నడవాలంటే ట్యాంకర్లు యుద్ధ రంగం గుండా రావాలి. జనరేటర్లు చివరి ఆసరాగా పెట్టినవే తప్ప రోజూ నడపడానికి పెట్టినవి కావు.

యుద్ధానికి ముందు ఈ కేంద్రానికి 750 కేవీ లైన్లు నాలుగు, వాటికి తోడుగా 330 కేవీ లైన్లు ఆరు ఉండేవి. అంటే పది దారులు. యుద్ధం సాగే కొద్దీ అవి తెగుతూ, బాగవుతూ, చివరికి ఒకటి రెండు లైన్ల మీద ఆధారపడే స్థితి వచ్చింది. అణు భద్రత మొత్తం 'ఒకటి పోతే ఇంకొకటి' అన్న లెక్క మీదే నిలబడి ఉంటుంది. యుద్ధం ఆ 'ఇంకొకటి'ని ఒక్కొక్కటిగా తీసేస్తుంది.

నీళ్ల సంగతి

కఖోవ్కా డ్యాం పోయినప్పుడు వెంటనే ప్రమాదం జరగలేదు. దానికి రెండు కారణాలు. ఒకటి, రియాక్టర్లు అప్పటికే నెలల తరబడి ఆగి ఉండటంతో వాటిలో పుట్టే వేడి బాగా తగ్గిపోయింది. రెండు, జలాశయంతో సంబంధం లేకుండా విడిగా కట్టిన చెరువులో నీరు నిలిచి ఉంది. తర్వాత ఆవరణలో 11 బోర్లు వేసి భూగర్భ జలంతో పని నడుపుతున్నారు.

ఆగి ఉన్న రియాక్టర్లకు ఆ నీరు చాలు. కానీ ఆరు రియాక్టర్లనూ మళ్లీ నడపాలంటే బోరు నీళ్లు చాలవు. అందుకే యుద్ధం మధ్యలో ఈ కేంద్రాన్ని తిరిగి నడుపుతామనే మాట వచ్చినప్పుడల్లా నిపుణులు ముందు నీళ్లెక్కడివని అడుగుతారు.

కాంక్రీట్ గుమ్మటం తట్టుకోదా?

ఇక్కడ చెర్నోబిల్‌కూ, జపోరిజియాకూ ఉన్న తేడా మీరు తెలుసుకోవాలి. 1986 ఏప్రిల్ 26న పేలిన చెర్నోబిల్ రియాక్టర్‌కు ఆధునిక కేంద్రాల్లో ఉండే కాంక్రీట్ రక్షణ గుమ్మటం లేదు. దానిలోని గ్రాఫైట్‌కు నిప్పంటుకుని రోజుల తరబడి మండింది. ఆ పొగతో పాటే రేడియోధార్మిక పదార్థాలు దేశాలు దాటాయి.

జపోరిజియాలోవి వేరే రకం. ఇవి నీటితో చల్లబరిచే వీవీఈఆర్ రియాక్టర్లు, వీటిలో మండే గ్రాఫైట్ ఉండదు. చుట్టూ మీటరుకు పైగా మందం ఉన్న కాంక్రీట్ గోడ, లోపల ఉక్కు పొర ఉంటాయి. మన తమిళనాడులోని కూడంకుళంలో ఉన్నవీ వీవీఈఆర్ రియాక్టర్లే. చిన్న డ్రోనో, దారి తప్పిన ఫిరంగి గుండో తగిలితే ఈ గుమ్మటం కూలదు. 2024 ఏప్రిల్ దాడిలో అదే రుజువైంది. అలాగని భారీ బాంబులతో గురిపెట్టి పదేపదే కొడితే తట్టుకునేలా ఏ దేశమూ వీటిని కట్టలేదు.

పైగా గుమ్మటం కాపాడేది రియాక్టర్‌ను మాత్రమే. ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌యార్డు, పంపుహౌస్‌లు, డీజిల్ ట్యాంకులు, కేబుళ్లు అన్నీ బయటే ఉంటాయి. పాత ఇంధనాన్ని నింపిన కాంక్రీట్ పీపాలు జపోరిజియాలో ఆరుబయటే నిలబెట్టి ఉన్నాయి. అవి గట్టివే, వాటిని చల్లబరచడానికి కరెంటు కూడా అక్కర్లేదు. అయినా 2022 ఆగస్టులో వాటికి దగ్గర్లోనే రాకెట్ గుళ్లు పడటం అందరినీ కలవరపెట్టింది.

చెర్నోబిల్‌కూ యుద్ధం తగిలింది. పేలిన రియాక్టర్ మీద 2016లో జరిపి నిలిపిన భారీ ఉక్కు కప్పును వందేళ్లు ఉండేలా రూపొందించారు. 2025 ఫిబ్రవరి 14న దాని మీద డ్రోన్ పడి పెద్ద రంధ్రమైంది. రేడియేషన్ పెరగలేదు కానీ, వందేళ్ల రక్షణ కోసం కట్టిన కప్పుకు తొమ్మిదేళ్లు నిండకముందే మరమ్మతు అవసరమైంది.

అన్నిటికంటే పెద్ద ముప్పు: అలసిపోయిన మనిషి

పంపులు, జనరేటర్లు వాటంతట అవి నడవవు. నడిపేది మనుషులు. చెర్నోబిల్‌ను రష్యా సేనలు ఆక్రమించిన రోజు డ్యూటీలో ఉన్న సిబ్బంది మూడు వారాలకు పైగా ఇంటికి పోలేకపోయారు. తుపాకుల నీడలో, అక్కడే పడుకుని, అక్కడే పని చేశారు.

జపోరిజియాలో యుద్ధానికి ముందు సుమారు 11 వేల మంది పనిచేసేవారు. తర్వాత ఆ సంఖ్య సగానికంటే తగ్గిపోయింది. వెళ్లిపోయినవారిలో ఏళ్ల తరబడి శిక్షణ పొంది, లైసెన్స్ ఉన్న ఆపరేటర్లూ ఉన్నారు. ఉన్నవారి కుటుంబాలు పక్క పట్టణంలో కాల్పుల మధ్య బతుకుతున్నాయి. కంట్రోల్ రూమ్‌లో అలారం మోగినప్పుడు నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి నిద్ర లేక, భయంతో, ఎవరి మాట వినాలో తెలియని స్థితిలో ఉంటే, ఆ లోటును ఏ యంత్రమూ పూడ్చలేదు.

భద్రంగా ఉందో లేదో ఎలా తేలుస్తారు?

2022 మార్చి 2న గ్రోసీ ఏడు మూలసూత్రాలను ప్రకటించారు. ఇప్పుడు ఏ యుద్ధంలోనైనా అణు కేంద్రం పరిస్థితిని వీటితోనే బేరీజు వేస్తున్నారు. వాడుక మాటల్లో చెప్పుకుంటే అవి ఇవి.

1. రియాక్టర్, ఇంధన తొట్లు, వ్యర్థాల నిల్వల కట్టడాలు చెక్కుచెదరకుండా ఉండాలి.
2. భద్రతా పరికరాలన్నీ ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలి.
3. సిబ్బంది ఒత్తిడి లేకుండా పనిచేయగలగాలి, సొంతంగా నిర్ణయాలు తీసుకోగలగాలి.
4. బయటి గ్రిడ్ నుంచి కరెంటు నికరంగా అందాలి.
5. విడిభాగాలు, ఇంధనం వంటి సరఫరాలకు, రాకపోకలకు ఆటంకం ఉండకూడదు.
6. రేడియేషన్‌ను కొలిచే ఏర్పాట్లు, అత్యవసర సన్నద్ధత పనిచేస్తూ ఉండాలి.
7. నియంత్రణ సంస్థతో, ఇతరులతో సమాచార సంబంధాలు తెగకూడదు.

జపోరిజియాలో ఈ ఏడూ ఏదో ఒక సమయంలో దెబ్బతిన్నాయి. 2023 మే 30న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో గ్రోసీ మరో ఐదు నియమాలు చెప్పారు. కేంద్రం మీద దాడి చేయకూడదు, అక్కడి నుంచి దాడి చేయకూడదు, భారీ ఆయుధాలను అక్కడ ఉంచకూడదు, బయటి కరెంటుకు ఆటంకం కలిగించకూడదు, భద్రతకు అవసరమైన వ్యవస్థలన్నింటినీ కాపాడాలి, వీటిని దెబ్బతీసే పని ఏదీ చేయకూడదు అన్నవే ఆ నియమాల సారం.

అణుశక్తి సంస్థ చూడగలదు, కొలవగలదు, ప్రపంచానికి చెప్పగలదు, ఇరుపక్షాలతో మాట్లాడగలదు. సైనికులను వెళ్లగొట్టే అధికారం మాత్రం దానికి లేదు.

అణు కేంద్రంపై దాడి చట్టవిరుద్ధం కాదా?

చట్టం ఉంది, సందులూ ఉన్నాయి. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రొటోకాల్ 56వ అధికరణం డ్యాంలు, కరకట్టలు, అణు విద్యుత్ కేంద్రాలకు ప్రత్యేక రక్షణ ఇస్తోంది. దాడి వల్ల ప్రమాదకర శక్తులు బయటపడి పౌరులకు తీవ్ర నష్టం జరిగేట్టయితే, అవి సైనిక లక్ష్యాలే అయినా కొట్టకూడదు. అలాంటి కట్టడాలకు గుర్తు కూడా ఉంది: ఒకే వరుసలో మూడు నారింజ రంగు వృత్తాలు.

సందు ఎక్కడంటే, ఆ కేంద్రం కరెంటు సైనిక చర్యలకు క్రమం తప్పకుండా, నేరుగా, గణనీయంగా ఉపయోగపడుతుంటే, దాన్ని ఆపడానికి దాడి తప్ప మరో మార్గం లేకుంటే ఆ ప్రత్యేక రక్షణ పోతుంది. పైగా అమెరికా, ఇజ్రాయెల్, ఇరాన్, పాకిస్తాన్, భారత్ ఈ ప్రొటోకాల్‌కు కట్టుబడిన దేశాలు కావు.

మరి భారత్, పాకిస్తాన్ మధ్య?

ఇక్కడ మనకు విడిగా ఒక ఒప్పందం ఉంది. పెద్దగా వార్తల్లోకి రాదు కానీ ఏటా నూతన సంవత్సరం రోజున దాని పని జరిగిపోతుంది. పరస్పరం అణు స్థావరాలపై దాడి చేయకూడదన్న ఒప్పందం మీద 1988 డిసెంబర్ 31న రెండు దేశాలూ సంతకాలు చేశాయి. అప్పుడు మన ప్రధాని రాజీవ్ గాంధీ, అక్కడి ప్రధాని బేనజీర్ భుట్టో. 1991 జనవరి 27న అది అమల్లోకి వచ్చింది. 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలను మార్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం వచ్చినా, పుల్వామా తర్వాత సంబంధాలు దిగజారినా ఈ ఆనవాయితీ తప్పలేదు.

విద్యుత్ కేంద్రాలే కాదు, పరిశోధన రియాక్టర్లు, ఇంధనం తయారు చేసే కర్మాగారాలు, యురేనియం శుద్ధి కేంద్రాలు కూడా ఒప్పందం పరిధిలోకి వస్తాయి.

2025 మేలో రెండు దేశాల మధ్య ఘర్షణ జరిగినప్పుడు, పాకిస్తాన్‌లోని కిరానా కొండల్లో అణు స్థావరం దెబ్బతిందని, రేడియేషన్ లీకవుతోందని సోషల్ మీడియా హోరెత్తింది. తాము ఆ కొండలపై దాడి చేయలేదని భారత వైమానిక దళం చెప్పింది. తమకున్న సమాచారం ప్రకారం పాకిస్తాన్‌లోని ఏ అణు కేంద్రం నుంచీ రేడియేషన్ లీక్ కాలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రకటించింది. ఆ ప్రకటన వచ్చేలోపే ఫార్వర్డ్‌లు ఊళ్లన్నీ చుట్టి వచ్చేశాయి.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు సంబంధమేంటి?

ఇరాన్‌లో పర్షియన్ గల్ఫ్ తీరాన బుషెహర్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. రష్యా సాయంతో పూర్తయిన ఈ 1,000 మెగావాట్ల రియాక్టర్ 2011లో గ్రిడ్‌కు అనుసంధానమైంది. కువైట్ నగరం అక్కడికి 300 కిలోమీటర్ల లోపే ఉంటుంది. కువైట్, ఖతార్, బహ్రెయిన్, యూఏఈల్లో జనం తాగేది ప్రధానంగా ఆ సముద్రపు నీటినే శుద్ధి చేసి ఇచ్చే నీరు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లిన వేల కుటుంబాల వాళ్లు తాగేదీ అదే.

2025 జూన్ 13న ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడులు మొదలయ్యాయి. 22న అమెరికా కూడా దాడి చేసింది. నతాంజ్, ఫోర్దో, ఇస్ఫహాన్ కేంద్రాలు దెబ్బతిన్నాయి. ఇవి విద్యుత్ కేంద్రాలు కావు, యురేనియం శుద్ధికి, దానికి సంబంధించిన పనులకు వాడేవి. అక్కడ ముప్పు ప్రధానంగా ఆ ఆవరణకే పరిమితం. ఆవరణ బయట రేడియేషన్ పెరగలేదని అణుశక్తి సంస్థ తెలిపింది. నడుస్తున్న రియాక్టర్ అలా కాదు. బుషెహర్‌ను కూడా కొట్టామని 19న ఇజ్రాయెల్ సైన్యం ప్రతినిధి ఒకరు ప్రకటించి, తర్వాత అది పొరపాటు ప్రకటన అని వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు భద్రతా మండలిలో గ్రోసీ హెచ్చరించారు. బుషెహర్ మీద నేరుగా దాడి జరిగితే భారీగా రేడియేషన్ బయటపడుతుందని, దానికి కరెంటు ఇచ్చే రెండు లైన్లు తెగినా రియాక్టర్‌లోని ఇంధనం కరిగిపోవచ్చని, వందల కిలోమీటర్ల దూరం వరకు ముందుజాగ్రత్తలు అవసరమవుతాయని చెప్పారు.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

ఆంధ్రప్రదేశ్‌లో గానీ, తెలంగాణలో గానీ ప్రస్తుతం నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రం లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఇంధనం తయారు చేస్తుంది. మణుగూరులో భారజల కర్మాగారం ఉంది. ఈ రెండింటిలోనూ విద్యుత్ రియాక్టర్లు లేవు కాబట్టి, పైన చెప్పిన మెల్ట్‌డౌన్ ముప్పు వీటికి వర్తించదు. మనకు పొరుగున నడుస్తున్నవి తమిళనాడులోని కల్పాక్కం, కూడంకుళం, కర్ణాటకలోని కైగా.

దాడి అంటే ఆకాశం నుంచే రానక్కర్లేదు. కూడంకుళం కేంద్రానికి చెందిన కంప్యూటర్‌లో మాల్‌వేర్ కనిపించిందని 2019 అక్టోబర్ 30న అణు విద్యుత్ సంస్థ ఒప్పుకుంది. ఇంటర్నెట్‌తో సంబంధమున్న పరిపాలన విభాగపు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ అదని, రియాక్టర్‌ను నడిపే వ్యవస్థకు దానితో సంబంధం లేదని వివరించింది. ఆ రెండు నెట్‌వర్క్‌లను వేరుగా ఉంచడం ఎందుకు ముఖ్యమో ఆ ఘటన చెప్పింది.

ఫార్వర్డ్‌లలో వచ్చే మాటలు, అసలు సంగతి

'రియాక్టర్ అణుబాంబులా పేలుతుంది.' పేలదు. ఇలాంటి విద్యుత్ రియాక్టర్ల ఇంధనంలో యురేనియం-235 సాధారణంగా 3 నుంచి 5 శాతమే. బాంబుకు వాడేది 90 శాతం దాకా శుద్ధి చేసినది. రియాక్టర్‌లో ఆవిరి, హైడ్రోజన్ పేలుళ్లు జరగవచ్చు. అసలు ప్రమాదం రేడియోధార్మిక పదార్థాలు బయటికి రావడం.

'అయోడిన్ మాత్ర వేసుకుంటే రేడియేషన్ తగలదు.' తప్పు. పొటాషియం అయోడైడ్ మాత్ర థైరాయిడ్ గ్రంథిని ఒక్క రేడియోధార్మిక అయోడిన్ నుంచే కాపాడుతుంది. సీసియం వంటి వాటి మీద పనిచేయదు. అది కూడా అధికారులు చెప్పిన సమయంలో, చెప్పిన మోతాదులో వేసుకుంటేనే ఉపయోగం. పిల్లలకు, గర్భిణులకు దీని అవసరం ఎక్కువ. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు సొంతంగా వేసుకుంటే కీడు జరగొచ్చు.

'అయోడైజ్డ్ ఉప్పు తింటే చాలు.' చాలదు. ఉప్పులో ఉండే అయోడిన్ చాలా స్వల్పం. రక్షణకు కావాల్సినంత తినాలంటే ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. 2011లో ఫుకుషిమా తర్వాత చైనాలో జనం ఎగబడి ఉప్పు కొన్నారు. దుకాణాలు ఖాళీ అయ్యాయి తప్ప ఎవరికీ ఒరిగింది లేదు.

'రేడియేషన్ ఉందని మీటర్ చూపిస్తోంది.' మీటర్ ఎప్పుడూ ఎంతో కొంత చూపిస్తుంది. మట్టి నుంచి, ఆకాశం నుంచి వచ్చే సహజ రేడియేషన్ చాలా చోట్ల గంటకు 0.1 నుంచి 0.2 మైక్రోసీవర్ట్ వరకు ఉంటుంది. కేరళ తీరంలోని మోనజైట్ ఇసుక ప్రాంతాల్లో ఇంకా ఎక్కువే. అంకె ఒక్కటే చూడకండి. ఆ చోట మామూలుగా ఎంత ఉంటుంది, ఇప్పుడెంత పెరిగింది అన్నది చూడండి.

నిజంగానే హెచ్చరిక వస్తే మీరేం చేయాలి?

మీరున్న చోట అధికారికంగా రేడియేషన్ హెచ్చరిక జారీ అయితే మొదటి సూత్రం పరుగు కాదు. లోపలికి వెళ్లడం, లోపలే ఉండటం, సమాచారం వింటూ ఉండటం.

ఇటుక, కాంక్రీట్ గోడల ఇంట్లోకి వెళ్లండి. కిటికీలకు దూరంగా, మధ్య గదిలో ఉండండి. తలుపులు, కిటికీలు మూసేయండి. బయటి గాలిని లోపలికి లాగే ఫ్యాన్లు, కూలర్లు, ఏసీలు ఆపేయండి.

బయటి నుంచి వచ్చినవారు చెప్పులు, పై బట్టలు గుమ్మం దగ్గరే విప్పి కవర్లో కట్టి పక్కన పెట్టాలి. ఒంటి మీది దుమ్ములో ఎక్కువ భాగం దాంతోనే పోతుంది. తర్వాత సబ్బుతో స్నానం చేయాలి, చర్మం గీరుకుపోయేలా రుద్దకూడదు.

మూత పెట్టిన నీళ్లు, ఇంట్లో ఉన్న ప్యాకెట్ ఆహారం వాడుకోవచ్చు. బయట ఆరుబయట ఉన్న కూరగాయలు, ఆ రోజు పితికిన పాలు, తెరిచి ఉన్న బావి నీళ్లు అధికారులు సరేననే దాకా వాడకండి.

ఇల్లు ఖాళీ చేయమని చెబితే, చెప్పిన దారిలోనే వెళ్లండి. చెప్పకముందే కారు తీసి రోడ్డెక్కితే, ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంట్లో ఉన్నప్పటికంటే ఎక్కువ మోతాదుకు గురయ్యే అవకాశం ఉంది.

మన దేశంలో ఇలాంటి విపత్తుల బాధ్యత జాతీయ విపత్తు నిర్వహణ సంస్థది. దాని 'సచేత్' యాప్‌లో మీ జిల్లాకు వచ్చే హెచ్చరికలు చూడవచ్చు. అత్యవసర సాయానికి నంబరు 112. రేడియేషన్ ఘటనల్లో పనిచేసేలా శిక్షణ పొందిన బృందాలు జాతీయ విపత్తు స్పందన దళంలో ఉన్నాయి. ఆ దళం పదో బెటాలియన్ విజయవాడ సమీపంలోని కొండపావులూరులో ఉంది. దేశమంతటా గాలిలో రేడియేషన్‌ను కొలిచే కేంద్రాల వ్యవస్థను భాభా అణు పరిశోధన కేంద్రం నడుపుతోంది.

గల్ఫ్‌లో మీ వాళ్లుంటే, అక్కడి భారత రాయబార కార్యాలయం హెల్ప్‌లైన్ నంబరు వారి ఫోన్‌లో ఉందో లేదో ఈ రోజే అడగండి. క్యాంపు గదిలో రెండు మూడు రోజులకు సరిపడా సీల్ చేసిన నీళ్ల సీసాలు ఉంచుకోవడం ఏ అత్యవసర పరిస్థితికైనా పనికొస్తుంది.

తర్వాతిసారి బ్రేకింగ్ న్యూస్ వచ్చినప్పుడు

'అణు కేంద్రంపై దాడి' అని స్క్రీన్ మీద మెరిసినప్పుడు, షేర్ చేసేముందు ఈ ఐదు ప్రశ్నలకు జవాబు వెతకండి. అది విద్యుత్ రియాక్టరా, శుద్ధి కేంద్రమా? రియాక్టర్ నడుస్తోందా, ఆగి ఎంతకాలమైంది? బయటి కరెంటు లైన్లు ఎన్ని మిగిలాయి? చల్లబరిచే నీళ్లున్నాయా? ఆవరణ బయట రేడియేషన్ పెరిగిందని అణుశక్తి సంస్థ గానీ, ఆ దేశపు నియంత్రణ సంస్థ గానీ చెప్పిందా?

చాలాసార్లు ఐదో ప్రశ్నకు 'లేదు' అనే జవాబు వస్తుంది. అప్పుడు భయపడాల్సిన పని లేదు. కానీ మూడో ప్రశ్నకు 'ఒక్కటే' అని గానీ, 'ఒక్కటీ లేదు' అని గానీ జవాబొస్తే, పేలుడు శబ్దం వినిపించకపోయినా ఆ వార్తను వదిలేయకండి. జపోరిజియాలో నెల రోజుల పాటు ప్రమాదాన్ని ఆపింది కొన్ని డీజిల్ ఇంజన్లూ, వాటికి కాపలాగా ఉన్న కొద్దిమంది మనుషులే.